పక్కింటి బర్రె ఎంగిలి

కామారెడ్డి బస్టాండు బయట ఎండాకాలం అంబలి బండి పెడతారు. పులిసిన అంబలి వాసన తగలగానే జనానికి నోరూరుతుంది. నాకు మాత్రం బర్రె పొట్ట గుర్తొస్తుంది. ఆ ముక్క పైకి అంటే బండి ఆమె గరిటెతో తరుముతుంది కనుక, గ్లాసు ఎత్తి గుటగుటా తాగేసి, మనసులోనే రాజ్యలక్ష్మి మేడమ్‌కు ఒక దండం పెట్టుకుంటాను.

మేడమ్ ఎల్లారెడ్డి వైపు పశువుల డాక్టరుగా పనిచేశారు. సొంతూరు కృష్ణా జిల్లాలో. ఊళ్లు తిరగడానికి నా ఆటో మాట్లాడుకున్నారు. మొదటి రోజే "అంజయ్య గారూ, బయల్దేరదామా?" అన్నారు. ఆ గారు ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. నన్ను 'ఏయ్ ఆటో' అని పిలిచినవాళ్లే గానీ అట్లా పిలిచినవాళ్లు అప్పటిదాకా లేరు. నేనేమో నోరు ఊరుకోని మనిషిని. ఆమె చెప్పేది రైతులకు అందకపోతే మధ్యలో దూరి మా మాటల్లో చెప్పేవాణ్ణి. ఇంకొకరైతే నీ స్టీరింగు నువ్వు చూసుకో అనేవారు. మేడమ్ మాత్రం తోవ పొడుగునా నాకు పాఠం చెప్పేవారు. మనిషికైనా పశువుకైనా కడుపులో కంటికి కనపడని జీవులు కాపురం ఉంటాయట. తిన్నది అరగడానికి అవే సాయమట. ఒంట్లోని రోగనిరోధక శక్తి కూడా వాటితో మెలగడం వల్లే, ఎవరిని ఉండనివ్వాలో ఎవరిని తరమాలో నేర్చుకుంటుందట.

"అంటే మేడం, పొట్టల ఇంతమందిని ఎక్కించుకోని కిరాయి లేకుంట తిప్పుతున్ననా?" అన్నాను.

"వాళ్లు కిరాయి కడుతూనే ఉన్నారండీ. మీకే తెలియడం లేదు" అన్నారామె. నా జోకుకు జోకు తిరిగిచ్చిన ఆఫీసరును నేను అప్పుడే చూశాను.

ఒక పొద్దున ఎల్లారెడ్డి అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. సాయవ్వ అనే ఆమె బర్రె మేత ముట్టడం లేదు. నెమరు లేదు, పాలు లేవు. ఆమె మొగుడు దుబాయి వెళ్లి ఇంకా మొదటి జీతం పంపలేదు. ఇల్లు నడిచేది ఆ బర్రె పాల మీదే. మేడమ్ బర్రె పొట్ట తడిమి చూసి, "ఏమైనా మందులు వేశారా అమ్మా?" అని అడిగారు.

"దీనికి జర జొరమొచ్చినట్టుంటే మా మామకు తెచ్చిన గోలీలు ఏసిన మేడం. గంత పెద్ద బర్రె గద, ఏం సరిపోతయని దుకాన్ల ఇంకిన్ని తెచ్చి పొద్దు మాపు బెల్లంల పెట్టి మింగిచ్చిన."

అవి యాంటీబయాటిక్‌లు. లోపలున్న మంచి జీవులను కూడా ఊడ్చిపారేశాయి. అవి మళ్లీ చేరాలంటే ఆరోగ్యంగా ఉన్న బర్రె పొట్టలోంచి రసం తీసి దీనికి పోయాలన్నారు మేడమ్. ఊళ్లో బర్రెలన్నీ మేతకు పోయాయి. గోడ అవతల, సాయవ్వ తోడికోడలు లక్ష్మవ్వ బర్రె ఒక్కటే తీరిగ్గా నెమరేస్తోంది. కానీ ఆ గోడ ఎవరిదన్న పంచాయితీలోనే తోడికోడళ్లిద్దరికీ మాటలు పోయాయి.

"ఆ ఇంటి ఎంగిలా నా బర్రెకు? సచ్చినా వద్దు!" అంది సాయవ్వ.

మేడమ్ నా వైపు తిరిగారు. "అంజయ్య గారూ, మీరు చెప్పండి."

"అవ్వా, నీ ఇంట్ల కుక్క ఇంటోళ్లను చూస్తే తోక ఊపుతది, దొంగను చూస్తే మొరుగుతది. రోజు ఇంటోళ్ల నడుమ పెరిగింది గనక దానికి గా ఎర్క. బర్రె కడుపుల గుడ గట్లనే ఇంటోళ్లుంటరు. నీ గోలీలు వాళ్లను ఎల్లగొట్టినయ్. ఇప్పుడు లోపల వండెటోళ్లు లేరు, కుక్కకు ఎవల మీద మొరగాల్నో తెల్వది. ఖాళీ ఇంట్లకు ఎవలొస్తరు? దొంగలే."

"అయితే ఆమె ఇంటోళ్లే దొరికిన్రా?"

"బర్రెలకేం పంచాయితి లేదవ్వా. గోడ మీదికెళ్లి తలకాయలు పెట్టి రోజు ముచ్చట పెట్టుకుంటయ్. మాటల్లేంది మీ ఇద్దరికే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సాయవ్వ నవ్వలేదు. తల వేలాడేసి నిలబడ్డ బర్రెను కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి నడిచి, "అక్కా..." అంది.

లక్ష్మవ్వ అంతా వింటూనే ఉంది. "నా బర్రె ఎంగిలి పనికొస్తది, నేను పనికిరాన?" అంటూనే పలుపు విప్పింది.

మేడమ్ గొట్టం వేసి రసం లాగారు. అచ్చం పులిసిన అంబలి వాసన. వడకట్టడానికి లక్ష్మవ్వే పాత చీర చింపి ఇచ్చింది. వెచ్చగా ఉండగానే సాయవ్వ బర్రెకు పోశాం.

"బత్కుతదా మేడం?" అంది సాయవ్వ. రేపటికల్లా బిందె నింపుతదన్న జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మేడమ్ ముందే అందుకున్నారు. "తెలియదమ్మా. రేపటికి నెమరు వేస్తే మంచిది. వేయకపోతే మళ్లీ వస్తాను."

తిరిగి వస్తుంటే నాకు మనసున పట్టలేదు. "గింత కష్టపడి తెల్వదంటరా మేడం? బత్కుతదంటే మన సొమ్మేం పోతుండె?"

"చెప్పడం తేలికేనండీ. బతుకుతుందని చెప్పాక అది చనిపోతే, ఈసారి మనం గోలీలు వేయొద్దన్నా ఆ ఊరు వినదు."

మర్నాడు తెల్లారగానే ఫోను. "అన్నా, నెమరేస్తున్నది!" అని సాయవ్వ. వెనక నుంచి లక్ష్మవ్వ, "నా బర్రె పుణ్యమని గుడ చెప్పే!" మేడమ్‌కు చెబితే, "మందు నాది, మాట మీది" అన్నారు. ఆ రోజు నేను కాలరు ఎగరేసుకుని తిరిగిన తీరుకు, స్టాండులో తోటివాళ్లు నాకు లాటరీ తగిలిందనుకున్నారు.

మేడమ్ రిటైరై సొంతూరు వెళ్లిపోయారు. ఊళ్లలో జనం ఇప్పుడు నన్ను ఆపి అడుగుతారు: "అంజన్నా, పోరనికి కడుపు నొస్తున్నది. పోయినసారి గోలీలు మిగిలినయ్, ఎయ్యాల్నా?" బడిలో నాకు తప్పకుండా వచ్చిన జవాబు ఒక్కటే, 'తెల్వది సార్'. దానికి తిన్న దెబ్బలతోనే ఏడో తరగతిలో బడి మానేశాను. ఇప్పుడు అదే మాట తల ఎత్తుకుని చెబుతాను.

"నాకు తెల్వది. డాక్టరుకు తెలుస్తది. పోరన్ని తీస్కరా, ఎక్కు, పోదాం."