మనోడింకా రాలేదా

మా అన్న ఇక సినిమాకు రాడు. అందుకు సగం కారణం ఆయన కళ్ళు, సగం నా నోరు. కళ్ళ సంగతి డాక్టర్లు చెప్పారు. నా నోటి సంగతి నేనే చెప్పుకోవాలి.

మేమిద్దరం కలిసి చూసేది ఒక్క గూఢచారి వరుసే. ఎక్కడో విదేశాల్లో తీసి, తెలుగులోకి డబ్బింగ్ చేసి, మూడు నాలుగేళ్ళకొకటి వదులుతారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అన్న నన్ను ధర్మవరంలో రైలెక్కించి హిందూపురం తీసుకుపోయి ఒకటి చూపించాడు. ధర్మవరంలో థియేటర్లు లేక కాదు. అక్కడ ఆ సినిమా రాలేదు, అంతే. కానీ మొదటిది హిందూపురంలో చూశాం కాబట్టి అన్నీ అక్కడే చూడాలని అన్న ఒక రూలు పెట్టేశాడు. నాకు పెనుకొండలో టీచరుద్యోగం వచ్చాక కూడా ఆ రూలు తప్పలేదు. ఆయన ధర్మవరంలో ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, నా కోసం పక్క సీట్లో తువ్వాలు పరిచేవాడు. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద నేను పెట్టె పెట్టెకూ పరిగెత్తుతుంటే చెయ్యి బయటపెట్టి “ఈడ, ఈడ” అని ఊపేవాడు.

ఇన్నేళ్ళలో ఆ గూఢచారి ముఖం నాలుగుసార్లు మారింది. ఒక నటుడు ముసలివాడైతే ఇంకొకణ్ణి తెచ్చేవారు. అన్న అవేమీ పట్టించుకునేవాడు కాదు. ఆయనకు కావాల్సినవి రెండే. ఒకటి, గూఢచారికి తెలుగు చెప్పే గొంతు. ముఖాలు ఎన్ని మారినా ఆ గొంతు మాత్రం ఒక్కటే. రెండోది చేతి గడియారం. ప్రమాదంలోకి దూకే ముందు మనోడు (అన్న వాణ్ణి అట్లాగే అనేవాడు) తన పాత గడియారానికి కీ ఇస్తాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే కరకరమని ఆ చప్పుడొక్కటే వినిపిస్తుంది. అప్పుడు అన్న చీకట్లో నా మోకాలి మీద తట్టేవాడు.

ఆ గడియారం గురించి మాకు ప్రతిసారీ వాదనే. ఇంకా ఎన్నాళ్ళు ఆ డొక్కు గడియారం, కాలం మారింది గదా అని నేను. అన్న మగ్గం మనిషి, ఆయన జవాబు కూడా మగ్గం మీదిదే. ఒక పడుగు (నిలువు పోగుల వరుస) నేత అయిపోయాక మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలను నేతగాళ్ళు తీసి పారెయ్యరు. ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగు చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. పాతది ముందు నడిస్తేనే దాని వెంట కొత్తది మగ్గంలోకి వస్తుంది.

“సినిమావోళ్ళు గూడా అంతేబ్బా. రంగు ఏదన్నా పెట్టుకోనీ, అతుకు యాడో ఒకచోట ఉండల్ల” అనేవాడు.

లోకంలో దేన్ని చూసినా ఈయనకు మగ్గమే గుర్తొస్తుందని నేను విసుక్కునేవాణ్ణి.

కిందటి సినిమాకు పోయినప్పుడు అన్న కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. నేనే వెతుక్కుంటూ పోయి “అన్నా” అంటే ఉలిక్కిపడ్డాడు. ఆయనకు షుగర్ ఉందని తెలుసు. అద్దాలు మార్పిస్తున్నాడని తెలుసు. అంతకు మించి నేను అడగలేదు.

ఆ సినిమాలో అంతా కొత్తే. కొత్త కుర్రాడు, వాడికి కొత్త తెలుగు గొంతు. పాత గడియారం లేదు, చేతికి నల్లటి అద్దం పలక, వేలితో తాకితే అదే పని చేస్తుంది. నాకు తెగ నచ్చింది. ఇన్నాళ్ళకు ధైర్యం చేశారనుకుని సంబరపడుతున్నాను. అరగంట గడిచాక అన్న నా చెవి దగ్గరికి వంగాడు.

“మనోడింకా రాలేదా?”

మనోడు తెర నిండా ఉన్నాడు. కొత్తవాణ్ణి ఒప్పుకోలేక ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. “ఊరుకోన్నా” అన్నాను. ఇంటర్వెల్లో మళ్ళీ అదే.

“యాడుండాడబ్బా మనోడు? ఇంతసేపు రాకుండా ఎప్పుడూ లేడే.”

వెనక సీట్లో వాళ్ళు కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళందరికీ వినపడేటట్టు అన్నాను.

“నీకు పాతదే కావల్లంటే ఇంట్లో కూర్చో. ఈడికొచ్చి నా ప్రాణం తియ్యొద్దు.”

అన్న తన చేతిలోని శెనిక్కాయల పొట్లం నాకిచ్చి తెర వైపు తిరిగి కూర్చున్నాడు. తిరుగు రైల్లోంచి నేను పెనుకొండలో దిగుతుంటే “బాగుండాదిలేబ్బా సినిమా” అన్నాడు. వాదనలో గెలిచాననుకుని ఇంటికి పోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆర్నెల్ల తర్వాత ధర్మవరం పోయాను. మగ్గం ఆగి ఉంది. పాత పోగుల కొసలు కొయ్యకుండా అట్లాగే వేలాడుతున్నాయి. అన్న ఆస్పత్రికి పోయాడని చెప్పి, వదిన ఫోన్లో ఒక చీర ఫోటో చూపించింది. మెరూన్ చీర. ఒక అంచు పచ్చ, ఒక అంచు నీలం.

“రొద్దంలో మా అమ్మకు బాగలేదని పది దినాలు పోయింటి. ఆ మధ్యలో మీ అన్న పడుగు అతికినాడు. రెండంచులూ పచ్చవే రావల్ల. ఒక పక్క నీలం పోగులు అతికి చీరంతా నేసినాడు. ఆయప్పకు తెలీనేలేదు.”

చీర తీసుకున్న అంగడాయన మాత్రం మురిసిపోయాడట. రెండంచులకు రెండు రంగులు పెట్టడం మా అవ్వల కాలం నాటి పద్ధతి, గంగా జమున అంచు అంటారు. పెళ్ళిళ్ళకు ఇప్పుడు మళ్ళీ అవే అడుగుతున్నారట. “పాతదాన్ని భలే కొత్తగా తెచ్చినావప్పా, ఇట్లాంటివే ఇంకో నాలుగు నెయ్యి” అన్నాడట. అన్న సరేనని తలూపి ఇంటికొచ్చి వదినను అడిగాడట.

“నేనేం నేసినానే?”

ఆమె చెప్పింది. ఆ రోజు నుంచి అన్న మళ్ళీ మగ్గం ఎక్కలేదు. కంటి వెనక నరాలు దెబ్బతిన్నాయని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు తేల్చేశారు.

“ఇది ఎప్పుడు వదినా?” అన్నాను.

“మీరు సినిమాకు పోయినదానికి ముందు నెల.”

“మరి సినిమాకు ఎందుకొచ్చినాడు?”

“నేను వద్దంటి. నా తమ్ముడు పెనుకొండ టేషన్లో నిలబడుకోనుంటాడు అని పోయినాడు.”

అన్న వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. తప్పయిపోయిందని చెప్పాలని ఎంతో అనుకున్నాను. హాల్లో అంత మందిలో లేచిన నోరు, ఆ ఇంట్లో ఆయనొక్కడి ముందు లేవలేదు.

ఈ ఏడు కొత్త సినిమా వచ్చింది. పక్కన కూర్చుని తెర మీద జరిగేదంతా చెప్తాను రమ్మన్నాను.

“వద్దబ్బా. నాతో నీకు సినిమా చెడతాది. నువ్వు చూసొచ్చి చెప్పు” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఒక్కణ్ణే మ్యాట్నీకి పోయాను. సినిమా మొదలయ్యాక, ఆ రోజు అన్న ఎట్లా కూర్చున్నాడో తెలుసుకుందామని కళ్ళు మూసుకున్నాను. కార్లు, అద్దాలు పగలడం, ఎవరెవరివో అరుపులు. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు చస్తున్నారో తెలియలేదు. రెండు నిమిషాలకే భయం వేసింది. అన్న మూడు గంటలు కూర్చున్నాడు.

తెరుద్దామనుకునేలోగా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. కరకర, కరకర. హాలంతా ఈలలు. కళ్ళు తెరిచి చూస్తే ఆ కొత్త కుర్రాడి చేతికి పాత గడియారం. అన్నలాంటి వాళ్ళు ఊరూరా అడిగి ఉంటారు, సినిమావాళ్ళు తీసేసినదాన్ని వెతికి తెచ్చి అతికారు. నా మోకాలి మీద తట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఏడ్చాను.

సాయంత్రం పెనుకొండలో దిగకుండా నేరుగా ధర్మవరం పోయాను. అన్న మగ్గం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తాడు.

“మనోడు వచ్చినాడా?”

“వచ్చినాడన్నా. మొదట్లోనే వచ్చినాడు. గడియారానికి కీ ఇచ్చినాడు.”

“నిజంగానా? చప్పుడు వినపడిందా?”

“హాలంతా వినపడింది.”

అన్న రెండు వేళ్ళ మధ్య లేని పోగునేదో మెలిపెడుతున్నాడు.

“అయితే నేనూ వచ్చింటే బాగుండు గదబ్బా” అన్నాడు.