దొంగపేర్ల కొమ్మ

మావిస్ లిండ్‌గ్రెన్ ఇరవై రెండేళ్ళు మా వాగు దారిలో స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సులో పెరిగినవాళ్ళకి ఇప్పుడు నలభయ్యేళ్ళు దాటినా, నా కొట్లో ఆమె కనిపిస్తే నోట్లో ఉన్న చూయింగ్ గమ్ మింగేస్తారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఏ మాటా రెండోసారి చెప్పదు. పైపులు, ఎరువులు, కోళ్ళ దాణా అమ్మేదాన్ని కాబట్టి కాలిఫోర్నియాలోని ఈ హంబోల్ట్ కొండల్లో ఎవరి సంగతైనా ఎంతో కొంత నా చెవిన పడుతుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఇరుగుపొరుగున ఉన్నా ఆమె సంగతి మాత్రం నాకు తెలిసింది తక్కువే.

తెలిసినంతవరకు ఇది. డెబ్భై ఏడులో మొగుడు రాయ్స్‌తో పాల వ్యానులో మిన్నెసోటా నుంచి వచ్చింది. అందరిలాగే గంజాయి వేశారు. ఎనభై నాలుగు ఆగస్టులో గంజాయి తోటలు వెతికే పోలీసు హెలికాప్టర్లు వచ్చాయి. రాయ్స్ పదకొండు నెలలు జైల్లో ఉండి, బయటికొచ్చి, రీనో వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. స్థలం అతని పేరు మీద ఉండేది. ట్రక్కూ అతని పేరు మీదే. స్థలాన్ని ఆమె తర్వాత బస్సు జీతంతో కొనుక్కుంది. మొదట్నుంచీ ఆమెది అనదగ్గది ఒక మొక్క.

ఎనభై మూడులో ఆమె తన చేత్తో రెండు రకాలు కలిపి విత్తనం తీసింది. మూడో వరసలో మొలిచినవాటిలోంచి ఒక ఆడ మొక్కను ఏరి పెట్టుకుంది. తడి మిరియాల వాసన, కమలా తొక్క వాసన కలిసి వచ్చేవి. పీలిస్తే నడుం నొప్పి పోయేది, మతి మాత్రం చెడేది కాదు. దాని విత్తనం వేస్తే దాని పిల్ల వస్తుందే గాని అది రాదు. అదే కావాలంటే కొమ్మ కోసి నాటాలి, అది ముదిరాక దాని కొమ్మ కోసి మళ్ళీ నాటాలి. అలా నలభై రెండేళ్ళు తెంపు లేకుండా నిలబెట్టింది. "నా బతుక్కి నేను చేసిన పని ఇదొక్కటే. బస్సు ఎవరైనా తోలతారు," అని ఒకసారి నాతో అంది. గొప్పకి అన్న మాట కాదది.

పోయిన చలికాలం ఆ మొక్కకు తెగులు వచ్చింది. ఆకులు ముడుచుకున్నాయి, మొగ్గలు గుండీలంత అయ్యాయి, వాసన సగానికి సగం పోయింది. ల్యాబు వాళ్ళు పరీక్ష చేసి వైరాయిడ్ అన్నారు. వైరస్‌కన్నా చిన్నదట. కత్తెరకు అంటిన పసరుతో మొక్క నుంచి మొక్కకు పాకుతుంది. ఆమె దగ్గరున్న పదకొండు మొక్కలకూ ఉంది. చివురు తుంచి సీసాలో పెంచితే ఒక్కోసారి వదులుతుందన్నారు. రెండుసార్లు చేశారు, రెండుసార్లూ వదల్లేదు. ఇంక మిగిలింది ఒకటే దారి. తెగులు రాకముందు ఆమె ఎవరికైనా ఇచ్చిన కొమ్మ ఎక్కడో బతికుండాలి, శుభ్రంగా ఉండాలి. లేకపోతే ఆ మొక్క ఈ భూమ్మీద ఇంక ఉండదు.

ఇచ్చింది ఐదుగురికి. ఇవ్వడంలో ఇక్కడో పద్ధతి ఉండేది, ఆ రోజులు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఏదీ కాగితం మీద పెట్టకూడదు. కొమ్మ ఇస్తే అసలు పేరు చెప్పకూడదు. పోలీసులు ఒకడి దగ్గర పట్టుకుంటే, ఆ పేరు పట్టుకుని మన గుమ్మం దాకా రాకూడదన్నమాట. అందుకని మావిస్ ఐదుగురికి ఐదు దొంగ పేర్లు చెప్పింది. ఆ నిమిషాన కళ్ళ ముందు ఏముంటే ఆ పేరు: కిరసనాయిలు, ఉతికిన బట్టలు, ఇలాంటివి. దాంతోపాటు, ఇంకొకరికి ఇవ్వనని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఆ ఐదుగురిలో నలుగురు పోయారు, ఐదోవాడికి మతి లేదు. పేర్లలో రెండు ఆమే మరిచిపోయింది. అంత జాగ్రత్త చేసిన మనిషిని చూసి నవ్వాలో జాలిపడాలో నాకు తెలియలేదు. కొంచెం నవ్వాను.

ఆ ల్యాబు దగ్గర వేల మొక్కల డీఎన్ఏ వివరాలు అందరూ చూసుకునేలా పెట్టి ఉంటాయి. మనలాంటివాళ్ళం చూస్తే అంకెల బస్తాలే. సరుకు తెప్పించడానికి నేను వాడుకునే ఏఐ ఒకటి ఉంది, నోటితో అడిగితే నోటితోనే చెప్తుంది. దాన్ని అడుగుదాం రమ్మన్నాను. మావిస్ కుర్చీ లాక్కుని, కంప్యూటర్ ముందు బస్సు తోలబోతున్నంత నిటారుగా కూర్చుంది.

"కిరసనాయిలు ఎవరి దగ్గరుందో చెప్పు," అంది దానితో.

"ఆ పేరుతో నలభై ఒక్క మొక్కలు నమోదై ఉన్నాయండి," అంది ఏఐ. "చాలావాటికి ఒకదానితో ఒకదానికే పోలిక లేదు. పేరును బట్టి వెతికితే మీది దొరక్కపోవచ్చు."

"సరే, ఉతికిన బట్టలు?"

"రెండున్నాయి. రెండూ నాలుగేళ్ళ కిందట పెట్టినవి, విత్తనం నుంచి వచ్చినవి. మీరు చెప్పే మొక్క కావడానికి వీల్లేదు. పేర్లు చేతులు మారినప్పుడల్లా మారిపోతుంటాయండి, వాటిని నమ్మలేం."

"విన్నావే డెల్? పేర్లు నమ్మొద్దని నాకు చెప్తోంది! ఆ దొంగ పేర్లు పెట్టిందే నేనైతే!"

"మీ మొక్క డీఎన్ఏ పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగింది ఏఐ.

మూడేళ్ళ కిందట నేను పోరు పెట్టి చేయించాను. ఆ ఫైలు ల్యాబు దగ్గరే ఉంది. కాని మావిస్ దాన్ని ఎవరికీ కనపడకుండా తాళం వేయించింది. ఏఐ ఉన్నదున్నట్టు చెప్పింది. ల్యాబు నియమం ప్రకారం తాళం వేసిన ఫైలును వేరేవాటితో పోల్చరు. తాళం తీయాలంటే మొక్క అసలు పేరు, పుట్టిన ఊరు, సంవత్సరం, పుట్టించినవాళ్ళ పేరు రాయాలి, అవి అందరికీ కనపడతాయి. "రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం," అంది. "రాయకుండా వెతికే మార్గం నాకైతే కనపడలేదు. రాసినా దొరుకుతుందని మాట ఇవ్వలేను."

మావిస్ లేచి కుర్చీ యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో బీన్స్ తుంచుతోంది.

"గంజాయి ఇప్పుడు నేరం కాదు, లైసెన్సు కూడా తీసుకున్నావు," అన్నాను. "ప్రభుత్వం నీ కుండ కుండకీ నంబరు బిళ్ళ కట్టింది. ఏటా ఇద్దరు వచ్చి ఆకులు కొలుచుకుపోతారు. ఇంకా ఎవరికి భయపడి దాస్తున్నావు?"

"అవి కుండల నంబర్లు. ఇది పేరు."

"మొక్క చచ్చిపోయాక ఆ పేరేం చేసుకుంటావు?"

"రాయ్స్‌ని పదకొండు నెలలు లోపలేసినప్పుడు ఇంకెవరెవరు పెంచుతున్నారో చెప్పమని నన్ను మూడుసార్లు కూర్చోబెట్టి అడిగారు. చెప్పలేదు. వాడైనా చెప్పుంటే ముందే వచ్చేసేవాడు, వాడూ చెప్పలేదు. అప్పుడు నోరు మూసుకున్నదాన్ని, ఇప్పుడు ఎవరూ అడక్కుండానే ఊరంతా చాటనా? అయితే అప్పుడెందుకు పడ్డామే ఆ బాధంతా?"

కూర్చుని నేనూ బీన్స్ తుంచాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టుకొచ్చి, "తలుపెయ్యి," అంది. వేశాను. ఒంటి వేలితో తనే టైపు కొట్టింది. మూడో వరస. పందొమ్మిదివందల ఎనభై మూడు. మా వాగు పేరు. మావిస్ జోన్ లిండ్‌గ్రెన్. ముప్ఫయ్యేళ్ళలో ఆ మొక్క అసలు పేరు నేను అప్పుడే మొదటిసారి చూశాను. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది, ఒప్పుకుంటాను.

అరగంటకు ఏఐ పలికింది. "దగ్గరివి మూడున్నాయండి. రెండు మీ మొక్క సంతానం లాంటివి, మొక్క అదే కాదు. మూడోదానికీ మీదానికీ తేడా పరీక్షలో వచ్చే పొరపాటుకన్నా తక్కువ. కొమ్మ నుంచి వచ్చిందే అయ్యుండాలి. పక్క రాష్ట్రం ఆరెగన్‌లో, కేవ్ జంక్షన్ దగ్గరుంది. అక్కడ దాని పేరు చెల్లెలు. యజమాని వివరాలు ల్యాబు బయటపెట్టలేదు, ఉత్తరం రాస్తే అందిస్తారు. తెగులు ఉందో లేదో ఈ వివరాల్లో లేదు, అది విడిగా పరీక్ష చేయించాలి."

ఉత్తరం రాశాం. నాలుగో రోజు జవాబు వచ్చింది. రాసింది లేలండ్ ప్రూయిట్. "మా చెల్లెలు ఓపల్ ఇచ్చింది. బస్సు తోలే మావిస్ మీరేనా?"

ఓపల్ మా వాగు ఎగువన ఉండేది. మావిస్‌కు ఒకే ఒక్క స్నేహితురాలు. కొమ్మ తీసుకున్న ఐదుగురిలో మొదటిది. తీసుకున్న రెండేళ్ళకు, మేకలు తినేశాయని వచ్చి చెప్పింది. ఇక మావిస్ ఊరుకుందా? కనపడ్డప్పుడల్లా ఆ మేకల పేరెత్తి దెప్పింది. పదిహేనేళ్ళు దెప్పింది. రెండువేల పదకొండులో ఓపల్ పోయినప్పుడు, అంత్యక్రియల్లో నాలుగు మంచి మాటలు చెప్పమంటే, చాలా మంచి మనిషి, మేకల్ని మాత్రం కట్టెయ్యడం చేతకాదు అంది. అందరం నవ్వాం.

మావిస్ ఆ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

లేలండ్ తన మొక్కను పరీక్షకు పంపాడు. శుభ్రంగా ఉందని వచ్చాక ఇద్దరం నా ట్రక్కులో బయల్దేరాం. వానలో ఆరు గంటల దారి. మావిస్ వంతెనలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. లేలండ్‌కు డెబ్భై తొమ్మిదేళ్ళు, ఆక్సిజన్ గొట్టం ముక్కుకే ఉంది, నోటికి మాత్రం ఖాళీ లేదు.

"రండమ్మా, రండి! మీ గురించి ఓపల్ చెప్పిందాన్నిబట్టి ఇంకా పెద్ద ఆకారం అనుకున్నా," అన్నాడు.

"ఎందుకు ఇచ్చింది నీకు? ఒట్టు వేసింది నాకు," అంది మావిస్ గుమ్మంలోనే.

"ఆ ఏడు మీ వాగు మీద హెలికాప్టర్ రోజూ తిరిగిందిట కదా. మీదీ తనదీ ఒకేసారి పోతే అసలుకే లేకుండా పోతుందని భయపడింది. తడి మేజోడులో చుట్టి, సీటు కింద పెట్టుకుని తెచ్చింది. తన దగ్గర మాత్రం ఉంచుకోలేదు. చెప్తే మావిస్ చంపేస్తుందన్నయ్యా, మేకలు తిన్నాయని చెప్తా అంది. తిడుతుందిగా అన్నాను. తిట్టనీ, నాకు అలవాటే అంది."

మావిస్ అక్కడున్న సోఫాలో కూర్చుండిపోయింది. "పదిహేనేళ్ళు," అంది. తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడవడం రానివాళ్ళు ఏడ్చినట్టు, పెద్ద శబ్దంతో ఏడ్చింది. లేలండ్ గొట్టం సర్దుకుని, కాఫీ పెట్టమంటారా అని నన్నడిగాడు.

కొమ్మల్ని తడిగుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టుకున్నాం. గంజాయి మొక్కను రాష్ట్రం సరిహద్దు దాటించడం ఇప్పటికీ నేరమే. కాలిఫోర్నియా తనిఖీ గేటు దగ్గర ఒక అమ్మాయి, పళ్ళు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. మావిస్ చాలా మర్యాదగా మూడు ఆపిల్ పళ్ళు తీసి ఇచ్చేసింది.

కొమ్మలు నా కొట్టు కిటికీలో వేళ్ళు పట్టాయి. ఆమె గ్రీన్‌హౌస్‌లోకి అవి వెళ్ళాలంటే, ముందు పాతవి పదకొండూ పోవాలి. కుండలు, కత్తెరలు, బల్లలు బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. మావిస్ రేపు అంది. ఎల్లుండి అంది. వాన అంది, మోకాలు అంది. నెల తిరిగేసరికి కిటికీలో మొక్కలు గాజుకు తలలు ఆనించాయి.

"అదే మొక్క కదే మావిస్," అన్నాను విసుగొచ్చి. "పాతదైనా కొమ్మకు కొమ్మే కదా. ఎనభై మూడు నాటి కాడ ఇప్పుడెక్కడుంది?"

ఆమె ఏఐ వైపు తిరిగి, "ఆ రెండూ ఒకటేనా? నిజం చెప్పు," అంది.

"పరీక్ష చూసిన చోట్లన్నీ ఒకటేనండి," అంది ఏఐ. "కాని ఆ పరీక్ష అన్ని చోట్లా చూడదు. ముప్ఫయ్యేళ్ళు విడిగా పెరిగాయి, చిన్న చిన్న తేడాలు వచ్చి ఉండొచ్చు. అచ్చంగా ఒకటేనని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. మీ ముక్కు నాకన్నా బాగా చెప్పొచ్చు."

మావిస్ కిటికీ దగ్గరకు వెళ్ళి ఒక ఆకు నలిపి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"అదే," అంది.

"మరింకేం?"

"ఇది అదే. కాని నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పట్నుంచి నా దగ్గరున్నది ఇది కాదు. రాయ్స్ వెళ్ళిపోయిన రోజు నీళ్ళు పోసింది దీనికి కాదు. నువ్వు చెప్పేది మొక్క గురించి. నేను చెప్పేది అది కాదే డెల్."

మర్నాడు పొద్దున్నే వాళ్ళ కొండ మీంచి తెల్లటి పొగ లేచింది. సాయానికి వెళ్దామా అనుకుని, పిలవలేదు కదా అని ఆగాను. రెండు గంటలపాటు వచ్చింది పొగ. పదకొండింటికి ఆమె ట్రక్కు కొట్టు ముందు ఆగింది. చేతులు బ్లీచింగుకు ఎర్రగా పొక్కి ఉన్నాయి, జుట్టంతా పొగ వాసన.

"అయిపోయిందా?" అన్నాను.

"అయిపోయింది. కొయ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు," అంది. "ఇచ్చెయ్యి."

రెండు కుండలు తెచ్చి ముందు సీటులో పెట్టాను. ఆమె బెల్టు లాగి వాటికి కట్టింది. తలుపు వేశాక అద్దం దించి, ఇంజను తిప్పకుండా అలాగే కూర్చుంది.

"వీటికి నేనెవరో తెలియదు," అంది.