గుట్టకు తీసిన టోపీ

ప్రాగ్‌లో మంచినీళ్లు అడిగితే సోడా తెచ్చిస్తారు. ఆ చిరాకుతోనే ఓ పాత వంతెన మీద మా ఆవిడకు ఫోటోలు తీస్తున్నాను. పక్కనున్న స్థానిక పెద్దాయన, "ఈ వంతెనకు ఆరువందల ఏళ్లు పైనే. మీ ఊళ్లో ఇంత పాతది ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఊరి పరువు నా చేతిలో పడింది.

ఫోన్‌లో గచ్చిబౌలి రాతిగుట్ట ఫోటో చూపించి, "ఈ రాళ్లు డైనోసార్లకంటే పాతవి. మేం పెద్దగా చెప్పుకోం" అన్నాను. ఆయన టోపీ తీసి, ఫోన్‌కేసి తలవంచాడు. పెద్దల ముందు వాళ్లు అలా చేస్తారట. నా చొక్కా కాస్త బిగుతైంది.

మా ఆవిడది బోరబండ. నవ్వు ముఖంతోనే తెలుగులో అంది:

"మనముండే ఫ్లాట్ గిట్లాంటి గుట్టను పేల్చే కట్టిండ్రు. గది గూడ జర చెప్పు."