మా ఇంటి ముందు ఆగిపోయే బ్యాండ్

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. తాండూరులో నాది ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. లైటు దానంతటదే వెలిగిందని ఎవరైనా వస్తే వైరింగు చూస్తాను, తాయెత్తు కట్టించుకొమ్మని చెప్పను. ఇప్పుడు రాస్తున్నది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. ఇదే సంగతి ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణి.

ముందు మా చిన్నాయన గురించి చెప్పాలి. పేరు సుదర్శనం. మా నాయన వెంకటేశానికి ఒక్కగానొక్క తమ్ముడు. మాది బట్టల దుకాణం మీద బతికిన కోమట్ల ఇల్లు. నాయన చిన్నప్పుడే దుకాణంలో కూర్చున్నాడు. తమ్ముడైనా చదువుకోవాలని చిన్నాయనను వికారాబాద్‌లో మిషన్ స్కూలు హాస్టల్లో వేశారు. అక్కడి ప్రార్థన హాల్లో ఒక పాత పియానో ఉండేది. చదువు సంగతి దేవుడెరుగు, ఆయన మాత్రం దాని ముందు కూర్చుని మళ్లీ లేవలేదు.

హైదరాబాద్ హోటళ్లలో, తర్వాత బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించాడు. ఒక బాణీ పట్టుకుని, వాయించేవాళ్లు ఒకరికొకరు మాట అందించుకుంటున్నట్టు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సంగీతం అది. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. హోటళ్లలో వాయించే వాళ్లను తీసేయడం మొదలయ్యాక ఆయన తిరిగి వచ్చి వికారాబాద్‌లో పెళ్లిళ్ల బ్యాండ్ పెట్టాడు. పియానో రోడ్డెక్కదు కాబట్టి తోపుడు బండి మీద కీబోర్డు బిగించి, వెనక క్లారినెట్టూ ట్రంపెట్లూ డోళ్లూ పెట్టుకుని ముందు తాను నడిచేవాడు. జనం అడిగిన సినిమా పాటలు వాయిస్తూనే మధ్యలో తన సొంత బాణీలు దూర్చేవాడు. పెళ్లివాళ్లకు అవి అర్థమయ్యేవి కావు గానీ కాళ్లు మాత్రం ఆడేవి.

ఆ బ్యాండ్ మొదటిసారి తాండూరు వచ్చింది మా బజారులోనే ఇంకో బట్టల వ్యాపారి కొడుకు పెళ్లి ఊరేగింపుకి, అదే బరాత్‌కి. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ముందు మా చిన్నాయన. సాటి వ్యాపారి పెళ్లిలో తమ్ముడు కూలికి వాయించడం నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికి వెళ్లి, ఒంటి మీద బట్టలతోనే బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, అలాగే నీళ్లు కారుతూ బజారులోకి వచ్చాడు.

"నా తమ్ముడు సచ్చిండు. స్నానం జేసిన" అని అందరికీ వినపడేలా చెప్పాడు.

మనవైపు చావు కబురు వింటే స్నానం చేస్తాం కదా, అదన్నమాట. నానమ్మ అప్పటికే లేదు. ఉంటే నాయన చెంప పగలగొట్టేది. ఆ రోజు అమ్మ వంట చేయలేదు. నేను బడిపిల్లవాణ్ణి, తడిసిన ధోవతితో కూర్చున్న నాయనను చూసి నిజంగానే ఎవరో పోయారనుకున్నాను.

చిన్నాయన దానికి మాటతో బదులివ్వలేదు. పెళ్లి బ్యాండ్ వాళ్లకు ఒక పద్ధతి ఉంది. దారిలో చావు జరిగిన ఇల్లుంటే దాని ముందు వాయించరు. వాద్యాలు దించి, తలలు వంచుకుని నడిచి, ఆ ఇల్లు దాటాకే మళ్లీ ఎత్తుకుంటారు. తర్వాతి పెళ్లికి బరాత్ మా బజారులోకి వచ్చినప్పుడు మా గోడ మొదలయ్యే చోట చిన్నాయన చెయ్యెత్తాడు. బ్యాండ్ మొత్తం ఠక్కున ఆగింది. ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసి కట్టుకున్నాడు. పెళ్లికొడుకూ గుర్రమూ జనమూ చప్పుడు లేకుండా మా ఇల్లు దాటారు. మూలమీద యూసుఫ్ భాయ్ చాయ్ హోటల్ దగ్గర మళ్లీ మోత మొదలైంది.

ఎవరో అడిగితే, "సావింటి ముందర బ్యాండ్ కొట్టొద్దు గదా. మా అన్న స్నానం జేసిండు, ఇంక దినాలు గాలే" అన్నాడట. తాండూరంతా నెల రోజులు నవ్వింది.

నాయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చిన్నాయన కుందేటికీ అంతే. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగినవాళ్లు మరి. ఏళ్లకేళ్లు, ప్రతి పెళ్లిళ్ల సీజనులో, ఆ బ్యాండ్ మా ఇంటి ముందు మూగగానే నడిచింది. బ్యాండ్ చప్పుడు దూరంగా వినపడగానే నాయన వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. తమ్ముణ్ణి చూడడానికే నిలబడేవాడని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. ఆ ఒక్క మాటే ఇద్దరికీ బరువైంది.

రెండేళ్ల కింద చిన్నాయన వికారాబాద్‌లో పోయాడు. నేను వెళ్లాను, నాయన రాలేదు. "సచ్చినోడు మళ్లెట్ల సస్తడు? నేను అప్పుడే స్నానం జేసిన" అన్నాడు. అన్నాడు గానీ ఆ రోజూ మర్నాడూ ముద్ద ముట్టలేదని నా భార్య సరిత చెప్పింది.

చిన్నాయన కూతురు పద్మ వికారాబాద్‌లోనే టీచరు. కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి, వాళ్ల నాయన ట్రంకుపెట్టెలో క్యాసెట్లు దొరికాయనీ, అన్నీ ఆయన సొంత బాణీలేననీ, తన బ్యాండ్ వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి రికార్డు చేసుకున్నవనీ చెప్పింది. హైదరాబాద్‌లో వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిందట. భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. నాయన చెయ్యి అన్నంలోనే ఆగింది.

"అమ్మ ఇసుర్రాయి పాట ఉన్నదా అండ్ల?" అన్నాడు.

నానమ్మ కందులు విసురుతూ ఒక పాట పాడేదట. దాన్ని చిన్నాయన పియానో మీద కట్టాడని ఎవరో ఎప్పుడో నాయన చెవిన వేశారు. ఆ పాట తెలిసినవాడు ఇప్పుడు ఈ భూమ్మీద నాయన ఒక్కడే. "జర తేరా. ఒక్కసారి వింట" అన్నాడు. నాయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదలు.

మర్నాడే రైలెక్కి వికారాబాద్ పోయాను. పద్మ ఇంట్లో కూర్చుని విన్నాను. ఎడమచేత్తో వాయించే కింది స్వరాలు నిజంగా రాయి తిరుగుతున్నట్టే బరువుగా, నిదానంగా తిరుగుతాయి. వాటి మీద క్లారినెట్ ఆడమనిషి గొంతులా లేస్తుంది. తర్వాత ఆయన కుడిచేయి ఆ గొంతుతో పరాచికాలాడడం మొదలుపెడుతుంది. నాకు సంగీతం రాదు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెద్దనాయన నిజంగనే అడిగిండా అన్నా?" అని పద్మ రెండుసార్లు అడిగింది.

ఇంటికొచ్చి, మధ్యాహ్నం నాయన మంచం పక్కన కొత్త స్పీకరు పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాను. లైటు వెలిగింది. అంకెలు నడుస్తున్నాయి. చప్పుడు లేదు.

నా వృత్తే అది కాబట్టి గాభరా పడలేదు. స్పీకరు మార్చాను. వార్తలు వచ్చాయి, భజనలు వచ్చాయి, చిన్నాయన మాత్రం రాలేదు. పెన్‌డ్రైవ్ దుకాణానికి తీసుకుపోయాను, అక్కడ చక్కగా మోగింది. ఫోన్లోకి ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను, మళ్లీ మూగ. ఇంట్లో ఎర్తింగ్ చూశాను, మెయిన్ ఆపేసి ఫోను బ్యాటరీ మీద పెట్టాను. ఊహూ.

చివరికి ఫోన్లో పాట పెట్టుకుని దుకాణం నుంచి నడుచుకుంటూ వచ్చాను. బజారంతా మోగుతూనే ఉంది. మా గోడ మొదలయ్యే చోట ఠక్కున ఆగింది. అలాగే నడిచాను. యూసుఫ్ భాయ్ హోటల్ దగ్గర మళ్లీ ఎత్తుకుంది. వెనక్కి వచ్చాను, మళ్లీ అదే. పట్టపగలు, ఎండలో, చేతిలో ఫోను పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ ఆగడం నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ చూసిందే.

యూసుఫ్ భాయ్ ఇదంతా గల్లా దగ్గర్నుంచి చూస్తున్నాడు. "బ్యాండ్ మాస్టర్ మీ ఇంటి ముందర ఎన్నడన్న కొట్టిండా, ఇయ్యాల కొట్టనీకె?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

నాయనకు దాచకుండా చెప్పాను. కొట్టిపారేస్తాడనుకున్నాను. "వానికి ఇంక కోపం పోలే" అన్నాడు.

"హోటల్ కాడికి పోదాం నాయనా. నాలుగడుగులు. కుర్చీ వేస్త, కూసొని విను" అన్నాను.

అప్పుడు చూడాలి ఆయన ముఖం. "వాని కోసం నేను బజార్ల పోయి కూసోవాల్నా? పెద్దోణ్ణి నేను. వాడే రావాలె నా ఇంటికి" అన్నాడు. చచ్చిపోయిన తమ్ముడి మీద కూడా పెద్దరికమే. నాకు మండిపోయింది. "అయితే వినకు" అనేసి దుకాణానికి వెళ్లిపోయాను.

కానీ మర్నాడు మధ్యాహ్నం తానే స్పీకరు పెట్టమన్నాడు. "రాదు నాయనా" అంటే "తెలుసు, పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ చప్పుడు లేని స్పీకరు ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఇప్పుడు ఏడిదాక వచ్చింది?" అని అడిగాడు. నేను స్పీకరు మీద అంకెలు చూసి, "క్లారినెట్ లేసింది" అన్నాను. తల ఊపాడు. "ఇప్పుడు?" "ఇప్పుడు చిన్నాయన ఒక్కడే వాయిస్తుండు." పాట అయిపోయేదాకా అలా చెబుతూనే ఉన్నాను.

అది రోజూ అలవాటైంది. రోజూ నేను పనిమాని వచ్చి, వినపడని పాటను మాటల్లో చెప్పేవాణ్ణి. ఎంత చెప్పినా మాటలు మాటలే. పద్మ ఫోన్లో ఏడ్చింది. యూసుఫ్ భాయ్ హోటల్ ముందు నీడలో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచాడు. నాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి, ఆ కుర్చీ వైపు చూసి, మళ్లీ లోపలికి వెళ్లేవాడు. ఆయన్ని ఆపింది మోకాళ్లు కాదు.

ఒక సాయంత్రం సరితను పిలిచి, "బిడ్డా, నా తెల్లంగి జర ఇస్త్రీ జెయ్యి. రేపు యూసుఫ్ హోటల్ కాడికి పోతం" అన్నాడు. ఇంట్లో ఎవరమూ ఏమీ అనలేదు, అంటే ఎక్కడ మానేస్తాడోనని. నేను పద్మకు ఫోన్ చేశాను. పొద్దున బండికే వస్తానంది.

తెల్లారి నాయన లేవలేదు. నిద్రలోనే పోయాడు.

పద్మ వచ్చేసరికి నాయనను వసారాలో పడుకోబెట్టాం. ఇస్త్రీ అంగీ తొడిగాం. చెవుల్లో, ముక్కులో దూది పెట్టేశారు. ఇంటినిండా జనం. పద్మ కాళ్ల దగ్గర కూర్చుంది గానీ ఏడవలేదు. మా ఇంటి గడప ఆమె తొక్కడం అదే మొదటిసారి.

అప్పటికి కరెంటు లేదు. కాసేపటికి వచ్చింది. లోపల మంచం పక్కన పెన్‌డ్రైవ్‌తో సహా స్పీకరు అలాగే వదిలేశాం. స్విచ్చి వేసి ఉంటే కరెంటు రాగానే అది దానంతటదే మొదలవుతుంది. అందులో వింతేమీ లేదు, అలాంటి స్పీకర్లు నేనే అమ్ముతాను. వింతేమిటంటే, అది వినపడింది.

ముందు రాయి తిరిగింది, నిదానంగా. తర్వాత క్లారినెట్. వసారాలో ఏడుపులు ఆగిపోయాయి. మా మేనమామ "ఎవడ్రా అది, సావింట్ల పాటలు పెట్టింది? బంద్ జెయ్" అన్నాడు. నేను లేవలేకపోయాను.

"బంద్ జెయ్యకుండ్రి" అంది పద్మ. జరిగి నాయన తల దగ్గరికి వచ్చి, వంగి, ఆయన చెవుల్లోంచి దూది తీసేసింది. పెద్దవాళ్లు ఎవరూ వద్దనలేదు. పాట అయిపోయేదాకా ఆ దూది ఆమె గుప్పిట్లోనే ఉంది. అయిపోయాక మళ్లీ పెట్టి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాయన కోసం ఏడ్చానా, ఖాళీగా ఉండిపోయిన ఆ కుర్చీ కోసమా అంటే చెప్పలేను.

అప్పటి నుంచి చిన్నాయన రికార్డులు మా ఇంట్లో ఎప్పుడు పెట్టినా వినపడుతున్నాయి. అదే స్పీకరు, అదే పెన్‌డ్రైవ్. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. హైదరాబాద్‌లో రికార్డింగు పని తెలిసిన ఇద్దరికి చూపించాను. ఏ లోపమూ లేదన్నారు. లోపం లేకపోతే అన్నాళ్లు ఎందుకు రాలేదంటే, మీరే సరిగా పెట్టలేదేమో అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నేనూ ఊరుకున్నాను.

అన్న పోయాడని తమ్ముడు వచ్చాడు, అంతే కదా అంటుంది సరిత. కావచ్చు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ చిన్నాయన కోపం మరిచిపోయి వచ్చాడో, అన్నకు వినపడని రోజు కోసం ఆగి మరీ వాయించాడో నాకు తెలియదు. రెండోది నిజం కాకూడదని మాత్రం కోరుకుంటాను.