పుట్టుక ఎంచుకోమన్న ఆట

కాలికి కట్టు వేసుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా తమ్ముడు నా చేతిలో గేమ్ కంట్రోలర్ పెట్టాడు. కొవ్వూరులో ఆ ఇంట్లో మేమిద్దరం అద్దెకు దిగి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. వాడికి వంతెన అవతల రాజమండ్రిలో ఫోన్ల షోరూములో ఉద్యోగం. నేను ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. వానకి తడిసిన కాలేజీ మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. నెలన్నర కాలు కింద పెట్టొద్దన్నారు.

"రోజంతా సీరియళ్ళు చూస్తే పిచ్చెక్కిపోద్దక్కా. ఇది ఆడు. పెద్ద లోకం. ఎటైనా పోవచ్చు, ఎలాగైనా బతకొచ్చు. నిన్నెవరూ ఏమీ అడగరు," అన్నాడు.

అడగరన్నాడు గానీ, ఆట మొదలవుతూనే అడిగింది. టీవీ తెర మీద కొన్ని మొహాలు వరసగా నిలబడ్డాయి. నీ పుట్టుక ఎంచుకో అంది. కొండల్లో పుట్టి మంత్రాలు తెలిసినవాళ్ళు, గనుల్లో పుట్టిన పొట్టివాళ్ళు, మామూలు మనుషులు, తలమీద కొమ్ములున్నవాళ్ళు. ఒక్కో మొహం కింద పుట్టుకతో వచ్చే బలమేంటో, లోటేంటో రాసి ఉంది. కొమ్ములవాళ్ళ కింద చిన్న అక్షరాల్లో, కొన్ని ఊళ్ళలో మీకు ఆదరణ ఉండదు అని ఉంది.

"ఇదెందుకురా దీనికి?" అన్నాను.

"ఏది?"

"నేనెక్కడ పుట్టానో."

వాడు నవ్వలేదు. మా ఇంట్లో ఆ ప్రశ్నకి ఎవరం నవ్వం. మాది రామచంద్రపురం దగ్గర పల్లె. ఊరు కాలువకి ఇవతల, మా పేట అవతల. మా చర్చి ఉన్నదీ, మా నాన్న పాఠాలు చెప్పిన బడి ఉన్నదీ పేటలోనే. "మీదే ఊరండి?" అని ఎవరైనా అడిగితే ఊరి పేరు చెబుతాం. "ఊళ్ళో ఎక్కడండి?" అన్నది రెండో ప్రశ్న. అసలు అడగదలచుకున్నది అదేనని మా అమ్మ మాకు చిన్నప్పుడే చెప్పింది. అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదని కూడా చెప్పింది. కానీ ఎందుకు అడుగుతున్నారో తెలిసేదాకా, కాలువ పక్కనండి అని ఊరుకోమంది. ఏ పక్కనో చెప్పక్కర్లేదంది.

ఈ ఇంటికి ముందు ఇంకో రెండు ఇళ్ళు చూశాం. ఆ రెండో ప్రశ్నకి మా తమ్ముడు నిజం చెప్పాడు. "అయ్యో, నిన్ననే ఇచ్చేశామండి," అన్నారు రెండుచోట్లా. ఆ గేట్లకి టు-లెట్ బోర్డులు చాలా రోజులు అలాగే వేలాడుతూ ఉన్నాయి. అందుకే ఈ ఇంటివాళ్ళకి వాడు ఊరి పేరూ, ఉద్యోగాల సంగతీ తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆటలో నేను మామూలు మనిషినే ఎంచుకున్నాను.

"దానికి ఏ బలమూ ఉండదక్కా," అన్నాడు తమ్ముడు.

"ఏ లోటూ లేదుగా."

తర్వాత పాయింట్లు పంచుకోమంది. కొత్తగా ఆడేవాళ్ళు పెద్ద కత్తీ, బరువైన కవచమూ తీసుకోవాలని వాడు నెత్తీ నోరూ బాదుకున్నాడు. నేను వినలేదు. చప్పుడు కాకుండా నడవడానికి కొన్ని, తలుపు అవతలి మాటలు వినడానికి కొన్ని, మాటకారితనానికి కొన్ని పెట్టాను. మిగిలినవన్నీ మారువేషానికి పెట్టాను. "మొదటి ఎలుగుబంటికే పోతావు," అన్నాడు వాడు. పోయాను కూడా. కానీ మనుషుల చేతిలో ఒక్కసారీ చిక్కలేదు. ఎవరితో మాట్లాడబోయే ముందైనా ఆటని అక్కడికి సేవ్ చేసుకునేదాన్ని. జవాబు వికటిస్తే వెనక్కి వెళ్ళి ఇంకోలా మాట్లాడేదాన్ని. సత్రం నడిపేవాడు నవ్వుతూ పలకరించినా, వాడు లోపలికి వెళ్ళాక తలుపు దగ్గర చెవి పెట్టేదాన్ని. మా తమ్ముడు చూసి చూసి, "వాడు సూపు అమ్ముకునేవాడక్కా. వాడి వెనక ఏ కథా లేదు," అనేవాడు.

మా ఇంటి ఓనరుగారు పై వాటాలో ఉండేవారు. యాభై ఏళ్ళావిడ. భర్తకి బజారులో ఎరువుల షాపు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఆయన ఇంటికి వచ్చేవారు కాదు. నా కాలు సంగతి తెలిసి ఒకరోజు చూడ్డానికి వచ్చారు. తర్వాత రోజూ రావడం మొదలుపెట్టారు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని టీవీ వైపు చూసేవారు. వచ్చిన ప్రతిసారీ నేను, "టీ పెట్టమంటారా ఆంటీ?" అనేదాన్ని. "నీ కాలు బాలేదు, ఎందుకమ్మా. ఇప్పుడే తాగొచ్చాను," అనేవారు. చేతికర్ర పట్టుకుని నిలబడటం వచ్చాక ఫ్లాస్కులో సిద్ధంగా పెట్టి అడిగాను. అప్పుడూ ఇప్పుడే తాగొచ్చానన్నారు. మంచినీళ్ళూ ముట్టలేదు. ఆ మాటని నేను చాలా రకాలుగా తిప్పి చూసుకున్నాను.

ఆవిడ అడిగే వాటినీ అలాగే చూసుకునేదాన్ని. "నాన్నగారు మాస్టారా? ఏ బళ్ళో?" "మీవైపు కొబ్బరి బాగా కాస్తుందిగా, మీకు తోట ఉందా?" మామూలు ప్రశ్నలే. అయినా ఆవిడ పైకి వెళ్ళాక, నేనేం చెప్పానో, అందులోంచి ఏం తెలిసిపోయి ఉంటుందో మళ్ళీ మొదటినుంచి గుర్తు చేసుకునేదాన్ని.

ఒకరోజు ఆటలో నా బొమ్మ ఒక ఊరి వీధిలో గోడవారగా వంగి నడుస్తోంది.

"ఎందుకమ్మా అలా నక్కి నక్కి పోతుంది? ఏం తప్పు చేసింది?" అన్నారు ఆవిడ.

"ఏం చేయలేదండి. ఇలా అయితే ప్రమాదం తక్కువ."

"ఎవరి నుంచి?"

ఆవిడ మొహంలోకి చూశాను. తెర వైపే చూస్తూ ఉన్నారు. బొమ్మ గురించి అడుగుతున్నారో నా గురించి అడుగుతున్నారో తేలలేదు.

కొన్నాళ్ళకి, "ఏదీ, ఆ రిమోట్టు నాకూ ఒకసారి ఇవ్వు," అన్నారు. కొత్త ఆట తెరిచి ఇచ్చాను. మొహాల వరస వచ్చింది. ఆవిడ ఎవరిని తీసుకుంటారా అని ఆత్రంగా చూశాను. ఎందుకంత పట్టింపో నాకే తెలియదు. ఆవిడ తిన్నగా వెళ్ళి కొమ్ములావిడ దగ్గర ఆగారు.

"ఇదిగో, ఈవిడ బావుంది. కొమ్ములు చూడు ఎంత దర్జాగా ఉన్నాయో!"

కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నేను చదివి చెప్పలేదు. పాయింట్లన్నీ బలానికి పెట్టించి, మనిషంత గొడ్డలి చేతికి తీసుకున్నారు. ఆవిడకి దాక్కోవడం నేర్పాలని చూశాను. రెండడుగులు వంగి నడిపించి, "నా నడుం నొప్పెడుతుందమ్మా చూస్తుంటేనే," అని నిటారుగా లేపేసేవారు. రోడ్డు మధ్యలో నడిచేవారు. ఎదురొచ్చిన తోడేళ్ళని కొట్టేవారు, చచ్చేవారు, మళ్ళీ లేచి అదే రోడ్డున వెళ్ళేవారు. ఇంగ్లీషులో వచ్చే మాటలు నేను తెలుగులో చెప్పేదాన్ని.

అలా నడుచుకుంటూ ఒక మధ్యాహ్నం పెద్ద ఊరి దగ్గరికి వచ్చారు. గేటు దగ్గర కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఏమంటున్నాడు?"

తలుపులు మూసే వేళైందంటున్నాడు అని చెప్పొచ్చు. ఆవిడకి తెలిసేది కాదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "మీవాళ్ళని లోపలికి రానివ్వం, బయట గుడిసెల దగ్గరే ఉండాలి అంటున్నాడండి."

"అదేంటి? నేనేం చేశాను?"

"ఏం చేయలేదండి. పుట్టుక."

"డబ్బిస్తానను."

"ఆ జవాబు ఇందులో లేదండి."

ఆవిడ రిమోట్టు ఒళ్ళో పెట్టుకున్నారు. "నీ బొమ్మ మొన్న వెళ్ళింది కదమ్మా లోపలికి?"

"నాది మామూలు మనిషండి. అయినా వేషం వేసుకునే వెళ్ళింది."

"మామూలు మనిషికి వేషం ఎందుకు?"

నిజమే, నా బొమ్మని ఆ కాపలావాడు ఏమీ అనేవాడు కాదు. ఒట్టి చేతులతో, నా మొహంతోనే వెళ్ళొచ్చు. అది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ సంగతే చెప్పబోతే, నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది.

"మాది కాలువ అవతల పేటండి," అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా," అన్నారు.

"ఎప్పటినుంచండి?"

"మీరు దిగిన వారంలోనే. మా షాపుకి మీ ఊరివైపు రైతు ఒకాయన వస్తాడు. మావారు ఆయన్ని అడిగారు."

"అడిగారా?"

"ఇల్లిచ్చేవాళ్ళు అడగరా ఏంటి?" అందులో దాచుకోవాల్సింది ఏదీ లేనట్టే అన్నారు. "మావారు ఖాళీ చేయించేద్దామన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి, పద్ధతిగా ఉంది, ఉండనీండి అని నేనే అన్నాను."

ఆవిడ దాన్ని మంచిమాటగానే అన్నారు. నేనూ తల ఊపాను. కానీ పాఠాలు చెప్పే అమ్మాయిని కాకపోతే ఏమనేవారో అని, ఆవిడ ఇంకా ఎదురుగా కూర్చుని ఉండగానే నా బుర్ర లెక్క మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ నేను ఆవిడ మాటల వెనక వెతుకుతున్నాను. ఆవిడకి వెతకాల్సిన పనే లేకపోయింది.

"సరే, వీణ్ణేం చేద్దాం ఇప్పుడు?" అంటూ ఆవిడ గొడ్డలి ఎత్తి కాపలావాడి మీద పడ్డారు. లోపలి నుంచి ఇంకో నలుగురు వచ్చి చంపేశారు. పొద్దువాలేదాకా అదే గేటు దగ్గర, అదే పని.

సాయంత్రం తమ్ముడికి చెప్పాను. "పోన్లే అక్కా, తెలిసి కూడా ఉండనిచ్చారుగా. మంచిదే," అన్నాడు.

"మంచిదేనా?"

"నీకు మంచి ఎలా ఉండాలి మరి?" అని విసుక్కున్నాడు. అన్నం తినేటప్పుడు వాడే మళ్ళీ, "ఆ రైతు ఎవరై ఉంటాడంటావు?" అన్నాడు. ఇద్దరం ఊళ్ళో వాళ్ళని ఒక్కొక్కరినే తలుచుకుంటూ కూర్చున్నాం.

కట్టు విప్పాక నేను చేతికర్రతోనే కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి రోజు గేటు దగ్గర ఆవిడ ఆపి, "అమ్మాయ్, మధ్యాహ్నం కాసేపు నీ ఆట ఆడుకోనా? తాళం ఇచ్చి వెళ్తావా?" అన్నారు. రేపిస్తానండి అన్నాను. మేం లేనప్పుడు ఆవిడ ఆ గదిలో ఏమేం చూస్తారో అని రాత్రి పడుకునేముందు ఇల్లంతా ఒకసారి కలయజూశాను. టేబుల్ మీది బైబిల్ తీసి బీరువాలో పెట్టాను. ఇంకా దాచేదేముందని మళ్ళీ తెచ్చి టేబుల్ మీదే పెట్టాను. పొద్దున్న తాళం చెవి ఇచ్చాను.

ఆ రోజు క్లాసులో నా ధ్యాస సగం ఇంటి మీదే ఉంది. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకా టీవీ ముందే కూర్చుని ఉన్నారు. ఏ వస్తువూ కదల్లేదు. కదిలిందేమో అని చూసుకున్న మాట నిజం. తెర మీద కొమ్ములావిడ ఆ పెద్ద ఊరి బజారులో నిలబడి ఉంది.

"ఎలా వచ్చారండి లోపలికి?"

"గోడ పక్కనున్న ఏట్లో దిగాను. ఎన్నిసార్లు మునిగానో," అన్నారు గర్వంగా. "కానీ ఇక్కడ ఒక్కడూ నాకు ఏదీ అమ్మడు. నువ్వు కూర్చో. ఈ రొట్టెలవాడు ఏదో అంటున్నాడు, ఏమంటున్నాడో చెప్పు."

కర్ర పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చున్నాను. రొట్టెలవాడు అన్నది అన్నట్టే చెప్పాను. ఆవిడ వాణ్ణి తిట్టి పక్క కొట్టుకి వెళ్ళారు.

తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంది. నేను అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.