నా చేతికి మల్లేశ్ బిళ్ళ

జనవరి రెండో సోమవారం, ఉదయం ఐదుంబావుకి చైతన్యపురిలో రిపోర్ట్ చేశాను. చలిగా ఉంది. మెట్రో స్తంభాల కింద టీ బండి ఒక్కటే వెలుగుతోంది. భుజాన సంచి. అందులో రెండు జతల బట్టలు, షేవింగ్ సామాను, స్టీలు గ్లాసు, పాత ఉన్ని స్వెటర్. పదిహేడేళ్ళ సర్వీసులో ఏ పోస్టుకి వెళ్ళినా ఇవే పట్టుకెళ్ళాను. హవల్దారుగా రిటైరై సైదాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్న నాకు ఇదే ఆఖరి పోస్టింగ్.

ఇరుగుపొరుగు వాళ్ళు నన్ను మంచు కొండల గురించి అడుగుతుంటారు. తుపాకీ పేల్చావా, గడ్డకట్టే చలిలో ఎలా ఉన్నావు అని. ఆ కొండల్లో ఉన్నప్పుడు నాకు పెద్దగా కోపం రాలేదు. అక్కడ ఎదుటివాడు ఎవడో తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయిన డ్యూటీ మీ ఇళ్ళకి కూతవేటు దూరంలో జరిగింది. మీ పిల్లల్ని అలాంటి చోట చేర్పించే ముందు వినండి.

అది ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకు కోచింగ్ ఇచ్చే హాస్టల్. మెయిన్ రోడ్డు నుంచి సందులోకి అరవై అడుగులు. ఐదంతస్తులు. కింద గేటు, అక్కడ కాపలాకి నా కుర్చీ, వెనక మెస్. ఒకటి నుంచి మూడు దాకా గదులు, గదికి ఆరు మంచాలు. నాలుగో అంతస్తు స్టడీ హాలు. పైన రేకుల షెడ్డు, బట్టలారేసే తీగలు. లిఫ్టులో నలుగురు పడతారు, అది కూడా దానికి బుద్ధి పుట్టినప్పుడు. అంతస్తుకి ఇరవై రెండు మెట్లు. నాకిచ్చిన సామాను: నీలం చొక్కాలు రెండు, విజిల్, వాకీటాకీ, రాకపోకల రిజిస్టరు. ఐదున్నరకి విజిల్. ఐదూ నలభైకి ఎల్బీనగర్ వైపు గ్రౌండుకి పరుగు, నేనే ముందు. ఏడింటికి టిఫిన్. ఎనిమిది నుంచి క్లాసులు. మళ్ళీ సాయంత్రం ఆరుకి హాజరు.

కుర్రాళ్ళంటే కుర్రాళ్ళు కాదు, ఇరవై రెండు దాటిన మగవాళ్ళు. కొందరికి పెళ్ళి కూడా అయింది. ఎక్కువమంది నల్గొండ వైపు పల్లెలవాళ్ళు. పరుగులో నా వెనక ఎప్పుడూ మొదట ఉండేవాడు మల్లేశ్. ఎస్సై పరీక్షకి వయసు పరిమితిలో అతనికి అది ఆఖరి ఏడాది. పరుగెడుతూ కూడా చట్టం సెక్షన్లు అప్పజెప్పేవాడు.

ఫిబ్రవరిలో బిళ్ళ వచ్చింది.

ఒక కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాలో వచ్చి అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. రూపాయి బిళ్ళంత తెల్లటి, అంటుకునే ముక్క. మణికట్టు లోపలివైపు అతికిస్తారు. చెమట, చర్మం వేడి, నాడి చూసి మనిషి లోపల ఎంత ఒత్తిడి ఉందో చెబుతుందట. మేనేజర్ చేతిలోని టాబ్‌లో ప్రతి పేరు పక్కనా ఒక చుక్క. నిమ్మళంగా ఉంటే ఆకుపచ్చ, కాస్త తేడా అయితే పసుపు, బాగా భయపడితే ఎరుపు. ఒంటి నుంచి తీస్తే బూడిద రంగు. పథకానికి 'మనసు కాపలా' అని పేరు పెట్టి గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. నేనేమో కింద వాకిలి కాపలా.

మేనేజర్‌ది కోస్తా. మెత్తగా మాట్లాడతాడు, మర్యాదకి లోటుండదు. ఆ సాయంత్రం నాకు రెండు ఆర్డర్లు ఇచ్చాడు. ఒకటి, వారంలో మూడు ఎరుపులు పడ్డవాణ్ణి పదిహేను రోజులు ఇంటికి పంపాలి, దానికి 'రెస్ట్' అని పేరు. రెండు, టాబ్‌లో ఎరుపు లేనిదే గేటు ముందుకి అంబులెన్స్ రాకూడదు.

"రెండోది ఎందుకు సార్?" అన్నాను.

"పోయినేడాది ఒకతను ఊరికే కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో అంబులెన్స్ పిలిచారండీ. వీడియో తీసి ఊరంతా పంచారు. సగం అడ్మిషన్లు పోయాయి. ఇకమీదట మన ఊహలొద్దు, ఏదైనా టాబ్ చెప్పాలి."

సరే సార్ అన్నాను. ఆర్డర్ వింటే సరే సార్ అనడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

రెండు వారాల్లో హాస్టల్ రూపు మారింది. భయపడితే ఎర్రబడుతుంది, ఎర్రబడుతుందేమోనని మళ్ళీ భయం. మోడల్ టెస్టుకి ముందు బాత్‌రూముల్లో నిలబడి ఊపిరి లెక్కపెట్టుకునేవాళ్ళు. చన్నీళ్ళ సీసా మణికట్టుకి ఆనించుకునేవాళ్ళు. ఎరుపు పడిన వాళ్ళ పేర్లు పొద్దున్నే మెస్ గోడ మీద అంటించేవారు, పక్కనే బాగా నిమ్మళంగా ఉన్నవాళ్ళ పేర్లు. మార్చిలో నలుగుర్ని 'రెస్ట్'కి పంపారు. నలుగురిలో ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ళ మంచాలు వారం తిరిగేలోగా కొత్తవాళ్ళకి ఇచ్చేశారు. వాకీటాకీలో పగలంతా ఇదే గోల.

"గేట్, మేనేజర్. రెండో ఫ్లోర్‌లో ఎరుపు."

"గేట్ విన్నది. పోతున్న సార్."

నేను వెళ్ళేసరికి ఎవడో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. వాణ్ణి ఓదార్చమని కాదు నన్ను పంపేది. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకు రమ్మని.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మల్లేశ్ గేటు దగ్గరికొచ్చాడు. ఎండ ఇంకా తగ్గలేదు.

"అన్నా, జర మాట్లాడాలె."

"చెప్పు."

"ఈ వారంల రెండు ఎరుపులు పడ్డయి. ఇంకొకటి పడితే ఇంటికి తోలుతరు. పరీక్షకు ఇరవై రెండు రోజులే ఉన్నయి. పోతే ఇగ నా పని అయిపోయినట్టే."

"ఎందుకు పడుతున్నయి?"

"ఊకె గుండె దడదడ కొట్టుకుంటున్నది. కూసున్నా గంతే."

"పరీక్ష భయం."

"గదే అనుకుంటున్న."

డాక్టర్‌ని కాదు, కంపౌండర్‌ని కూడా కాదు. రెండు మాటల్లో తేల్చేశాను. ఆ వారం పరుగులో అతను వెనకబడటం చూశాను కూడా. మనసు బాగాలేకపోతే కాళ్ళు అలాగే బరువెక్కుతాయని అనుకున్నాను.

కొండల మీద మా సెక్షన్‌లో ఒకడికి చేతులు వణికేవి. తనిఖీకి సుబేదార్ వచ్చే ముందు వాడి రైఫిల్ నేను విప్పి, తుడిచి, బిగించి పెట్టేవాణ్ణి. నాలుగు రోజుల్లో వాడి వణుకు పోయింది. వాడి పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. భయం పై అధికారి కంట పడకుండా దాచడమే తోటివాడు చేయాల్సిన పని అని మాకు తెలిసిన లెక్క. ఆ లెక్కే ఇక్కడా వేశాను.

"బిళ్ళ తీసి నాకియ్యి," అన్నాను.

అతను నా మొహం చూసి, తన మణికట్టు చూసుకున్నాడు. తరువాత మెల్లగా గోటితో అంచు లేపాడు. నేను మణికట్టు తుడుచుకుని అతికించుకున్నాను, పైన తెల్ల టేపు. పొడుగు చేతుల చొక్కా తొడిగి గుండీ పెట్టుకున్నాను. బిళ్ళ బిల్డింగ్‌లో ఎక్కడున్నా టాబ్‌కి అందుతుంది. సోమవారం సోమవారం కంపెనీ మనిషి వచ్చి బిళ్ళలు చూసి వెళ్ళేదాకా మల్లేశ్ చేతికి, అతను గేటు దాటగానే మళ్ళీ నా చేతికి. మల్లేశ్ కూడా పొడుగు చేతుల చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు.

మెస్‌లో వంట చేసే అక్క నన్ను వదల్లేదు.

"ఏంది హవల్దారన్నా, గింత ఎండల నిండు చేతులు? పెండ్లికేమన్న పోతున్నవా?"

"దోమలక్కా."

"పగటీలి దోమలా. మాకు కనపడయి ఏంది."

తొమ్మిది రోజులు మల్లేశ్ పేరు పచ్చగా ఉంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న యాభై ఏళ్ళ మనిషికి భయమేముంటుంది. గోడ మీద నిమ్మళస్తుల జాబితాలో అతని పేరు మొదటికి ఎక్కింది. "మల్లేశ్‌ని చూసి నేర్చుకోండయ్యా" అని మేనేజర్ హాల్లో చెప్పాడు. నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. నవ్వొచ్చేది కూడా.

ఎనిమిదో రోజు వంట అక్క నా టీ గ్లాసు కింద పెట్టి అక్కడే నిలబడింది.

"మల్లేశ్ సక్కగ తింటలేడన్నా. మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కుతున్నడు. జర చూడు."

అతన్ని పిలిచి అడిగాను. "ఏం లేదన్నా, నిద్ర తక్కువైంది" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. నేను గోడ వైపు చూశాను. జాబితా మొదట్లో అతని పేరు, పక్కన పచ్చ చుక్క. నా మనసు కుదుటపడింది. ఆ చుక్క నాదేనని తెలిసి కూడా దాన్నే నమ్మాను. ఎవరి మీద కోపం చెప్పినా ముందు ఈ ముక్క చెప్పాలి.

పదో రోజు, మధ్యాహ్నం మూడూ పదికి వాకీటాకీ పలికింది.

"గేట్, మేనేజర్. హాల్‌కి రండి. ఒకతను పడిపోయాడు."

"ఎవలు సార్?"

"మల్లేశ్. కంగారేం లేదు. గ్రీనే."

లిఫ్టు పైన ఆగి ఉంది. ఎనభై ఎనిమిది మెట్లు ఎక్కాను. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ప్రశ్నపత్రాలు ఎగురుతున్నాయి. రెండు బెంచీల మధ్య మల్లేశ్ వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి గురకలా వస్తోంది. గాలాడాలని ఎవరో చొక్కా గుండీలు విప్పి చేతులు పైకి మడిచారు. ఎడమ చెయ్యి నేల మీద చాచి, అరచెయ్యి పైకి ఉంది. చుట్టూ మేనేజర్‌తో కలిపి ఏడుగురు. మేనేజర్ టాబ్ పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, అంబులెన్స్ పిలవాలె."

"ఇదిగో చూడండి, ఒత్తిడేమీ లేదు. వడదెబ్బ అయ్యుంటుంది. గ్లూకోజ్ తాగిస్తే లేస్తాడు."

"సార్, టాబ్ గాదు. మనిషిని చూడుండ్రి."

"చూస్తూనే ఉన్నానండీ. రూల్ మీకు తెలుసు. ఎరుపు లేకుండా ఎలా పిలుస్తాం? పచ్చగానే ఉన్నాడు కదా."

నా ఫోన్ నా జేబులోనే ఉంది. తీసి మూడు నంబర్లు నొక్కితే అయిపోయేది. చొక్కా చెయ్యి పైకి లాగి చూపించినా అయిపోయేది. రెండూ చేయలేదు. అటెన్షన్‌లో నిలబడ్డట్టు నిలబడి ఆర్డర్ కోసం అడుగుతున్నాను. పదిహేడేళ్ళు నేర్చుకున్నది అదే. ఒంట్లో మాత్రం రక్తం సలసల కాగింది. ఆ మెత్తటి గొంతు మీద, ఆ రూల్ మీద, గోడ మీద పేర్లు అంటించినవాడి మీద, బిళ్ళ అంటించుకున్న నా మీద. చెవులు హోరెత్తాయి. చొక్కా లోపల చెయ్యంతా తడిసిపోయింది.

టాబ్ కీచుమంది.

మల్లేశ్ పేరు పక్కన చుక్క పసుపైంది. చూస్తుండగానే ఎర్రబడింది. మేనేజర్ మొహంలో రంగు మారింది.

"అయ్యో, ఎరుపు, ఎరుపు వచ్చింది. అంబులెన్స్ పిలవండి, త్వరగా" అంటూ తనే ఫోన్ తీశాడు.

దుప్పట్లో వేసి నలుగురం మెట్ల మీదుగా దించాం. పన్నెండు నిమిషాలకి బండి వచ్చింది. కొత్తపేట దగ్గర ఒక దవాఖానలో చేర్చారు. గుండె లయ తప్పిందని డాక్టర్ చెప్పింది. "ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగింది. రెండు వారాల నుంచి అన్నాను. అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదంది. గొంతు పెంచకుండానే చెప్పింది.

ప్రాణం దక్కింది. పోలీసు ఉద్యోగం దక్కలేదు. ఆ గుండెతో పరుగు పరీక్షకి పనికిరాడని తేల్చేశారు.

నాలుగో రోజు హాస్టల్‌కి కంపెనీ మనిషి, ఫొటోగ్రాఫర్ కొత్త ఫ్లెక్సీతో వచ్చారు. 'మా బిళ్ళ ఒక ప్రాణం కాపాడింది' అని ఇంత లావు అక్షరాలు. పక్కన మల్లేశ్ అప్లికేషన్ ఫొటో. అతన్ని అడిగారో లేదో తెలియదు. మొదట పరుగెత్తుకొచ్చింది మాజీ సైనికుడు కాబట్టి నేనూ ఫొటోలో ఉండాలన్నారు.

గుండీ విప్పి చెయ్యి పైకి లాగాను. బిళ్ళ ఇంకా అక్కడే ఉంది.

"రెండు వారాల సంది ఇది నా చేతికే ఉన్నది సార్. మీ మిషన్ చూసింది మల్లేశ్ గుండెను గాదు, నా కోపాన్ని. నాకు కోపం రాకపోతే వాడు బెంచీల నడుమనే సచ్చేటోడు."

కంపెనీ మనిషి కెమెరా దించమని సైగ చేశాడు. మేనేజర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇది బయటికెళ్తే అతనికీ చెడ్డపేరు, మీకూ చెడ్డపేరు. ఆ గుండీ పెట్టుకోండి హవల్దార్ గారూ."

ఫ్లెక్సీ కట్టారు. నేను లేకుండా ఫొటో దిగారు. మర్నాడు ఐదుంబావుకి విజిల్, వాకీటాకీ, రిజిస్టరు బల్ల మీద పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో అక్కడ చేసి, సంచి భుజాన వేసుకున్నాను. వంట అక్క గేటు దాకా వచ్చింది. బిళ్ళ సంగతి ఆమెకి అప్పటికే తెలిసినట్టుంది. "నేను ఆనాడే చెప్పిన గదన్నా" అంది. తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి దవాఖానకి వెళ్ళాను. మల్లేశ్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు.

"అన్నా, నా పేరు ఎర్రగయిందంట గదా. బిళ్ళ నీ దగ్గర్నే ఉండె. ఎట్లయింది?"

"నాకు కోపమొచ్చింది."

అతను నవ్వాడు. నవ్వితే ఛాతీ నొప్పెడుతుందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "ఇంక జర ముందుగాల రావల్సుండె అన్నా" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నడిచి సైదాబాద్ వచ్చేశాను. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ మెయిన్ రోడ్డు మీదకి కూడా వచ్చింది. దాని కింద నిలబడి తల్లిదండ్రులు ఫోన్ నంబరు రాసుకోవడం రెండుసార్లు చూశాను. ఒకాయన్ని ఆపి చెప్పాను. వినలేదు, తాగి ఉన్నాననుకున్నాడు.

కొండల మీద చూసినవి చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు. నేల మీద చాచిన ఒక ఎడమ చెయ్యి. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్లటి గుండ్రటి మచ్చ, ఎండ తగలని చోటు. అక్కడ బిళ్ళ లేదు. చొక్కా చెయ్యి మడిచే ఉంది, వెలుతురు బాగా ఉంది, చుట్టూ ఎనిమిది మందిమి ఉన్నాం. అందరం టాబ్ వైపే చూస్తున్నాం.