ఎక్కడ పనిచేయదో రాసిన అన్న

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. ఈ నివాళిలో కన్నీళ్ల కంటే కంప్యూటర్లే ఎక్కువ. దీనివల్ల సాహిత్యానికి కలగబోయే నష్టానికి బాధ్యత పూర్తిగా నాదే. మా ఆఫీసులో డాక్యుమెంటేషన్ రాసే అన్న, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి, గత వారం కన్నుమూశాడు. కబురు నాకు బస్సులో తెలిసింది. నేను దిగే అమ్రోలి స్టాపు వచ్చేదాకా నా నోట్లోంచి ఒక్క జోకు రాలేదు. నా పక్కసీటాయన ఎప్పుడైనా బతికిపోయాడంటే అది ఆ రోజే.

మేము పాండేసర బట్టల మిల్లుల్లో ఆవిరితో రంగులద్దే మిషన్లకు కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తాం. ప్రతి పెట్టెలో ఒక చిన్న కంప్యూటర్. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నల్. కరెంటు తీయకుండానే కొత్త కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించి అందులోకి మారడానికి ఒక ఆదేశం ఉంది; మా భాషలో దాన్ని 'కాల్' అంటాం, ఫోన్ కాల్ కాదు. దాన్ని ఎలా వాడాలో ఎవరైనా రాస్తారు. అది ఎక్కడ చేతులెత్తేస్తుందో, ఏ ఎర్రర్ వస్తే ఏమని అర్థమో అన్న రాసేవాడు. ఆయన పేజీలో వాడే పద్ధతి బెత్తెడు, తప్పులూ పరిమితులూ మూరెడు.

ఆయన పద్ధతే వేరు. పేజీ రాయగానే నన్ను కూర్చోబెట్టి, "గిండ్ల ఉన్నది ఉన్నట్టు చెయ్యి, తెలివి వాడకు" అనేవాడు. ఆఫీసులో ఈ షరతుకు సరిపోయే మనిషిని నేనొక్కడినే. ఒక లోడింగ్ నడుస్తుండగానే ఇంకోటి మొదలుపెట్టి, ఒకసారి 'బిజీ' అనే ఎర్రర్ తెప్పించాను. అన్న ఎగిరి గంతేశాడు. "శభాష్‌రా! గిట్ల చేసేటోడు మిల్లుల కూడ ఉంటడు, రాయాలె" అన్నాడు. కొత్త తప్పు చేసిన ప్రతిసారీ శనగపిండి ఖమణ్ తినిపించేవాడు. నా పొట్టకు కారణం అదే.

"లోడింగ్ సక్సెస్ అని వచ్చింది కదా, ఇంకేంది?" అని ఒకసారి అడిగాను.

"పెండ్లికొడుకు మండపంల కూసున్నడు, అంతే. తాళి ఇంక కట్టలే."

ఇంకో మాట ఎప్పుడూ అనేవాడు. "మన పేజీ చదివేటోడు ఏసీల కూసోడురా. ఆవిరి పక్కన నిలవడతడు."

ఆసుపత్రి మంచం మీంచి ఫోన్ చేశాడు. "అరేయ్, ఒక్క లైను మిగిలింది. కరెంటు తీస్తే ఆవిరి వాల్వు దానంతటదే బందయితది. ఈ కాల్‌తోని మారితే కరెంటు పోనేపోదు కద. అప్పుడు కూడ బందయితదా, లేదా? వచ్చే వారం మిల్లోళ్లు గిట్ల మార్చుడు మొదలుపెడ్తరట. జర పాండేసర పోయి చూడు."

మర్నాడు మళ్లీ చేశాడు.

"చూసినవారా?"

"చూసిన అన్నా. బందయితుంది."

"కండ్లతోని?"

"కండ్లతోనే. కావాలంటే కండ్లు కొరియర్ చేస్తా."

నవ్వబోయి దగ్గాడు. 'మారినప్పుడు ఆవిరి వాల్వు మూసుకుంటుంది, పరీక్షించాం' అని వదినకు చెప్పి టైపు చేయించాడు. ఆయన రాసిన చివరి లైను అదే.

అంత్యక్రియలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. వదిన చాయ్ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నీ గురించే చెప్పేటోడు తమ్మీ. వానికి నోటి నిండ జోకులే గని, పనిల కాదు అనేటోడు."

ఆ చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే పాండేసర వెళ్లాను. మిషన్ చూసుకునే కాకాది మంచిర్యాల వైపు. గుడ్డ లేకుండా ఉత్త నీళ్లతో మిషన్ నడిపించమని ఆయన్ని అడిగి, కాల్ నడిపాను. తెర మీద కొత్త కెర్నల్ వచ్చింది. వాల్వు మాత్రం మూసుకోలేదు. ఆవిరి బుస్సుమంటూ వస్తూనే ఉంది. కాకా నన్ను వెనక్కి లాగి, చేతి చక్రం తిప్పి దాన్ని కట్టేశాడు. ఆ తర్వాత మేం పంపిన పేజీ తీసి, చివరి లైను మీద వేలు పెట్టాడు.

"బందయితదని రాసిండు కద తమ్మీ? మీ అన్న తప్పు రాయడే."

"ఆయన తప్పు లేదు కాకా. నన్ను పోయి చూడమన్నడు. ఎండ ఉన్నదని నేను రాలే. చూడకుంటనే చూసినని చెప్పిన."